క్రిస్మస్ నాడు మన ఇంటికి నలుగురు వస్తే

మన హాస్టల్‌లో చర్చికి వెళ్ళే కుటుంబాల పిల్లలు కొందరు ఉంటారు, వెళ్ళనివారు ఎక్కువమంది ఉంటారు. డిసెంబరు నెల సగం గడిచిందంటే గదుల్లో ఒక మాట వినబడుతుంది. "అన్నా, క్రిస్మస్‌కు మీ ఇంటికి రావచ్చా?" అని. కొందరు సంతోషంగా రమ్మంటారు. మరికొందరు "ఈసారి మేము ఊళ్ళో ఉండం రా" అని ఏదో చెప్పి తప్పించుకుంటారు. స్నేహం లేక తప్పించుకోవడం కాదది. వస్తే ఏం పెట్టాలి, పెట్టింది తింటాడా, మా వాడలోకి వచ్చి తిన్నాడని తెలిస్తే వాళ్ళ ఇంట్లో ఏమంటారు అనే బెరుకు అది. పూర్వ విద్యార్థి మిత్రులకు ఇది కొత్త విషయం కాదు. ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళ కోసం, ఆ బెరుకు లేకుండా పండుగ పూట నలుగురిని ఇంటికి పిలిచి ఆనందంగా గడపడం ఎలాగో నాకు తెలిసినంతవరకు వివరిస్తాను.

ముందుగా పండుగ సంగతి. యేసుక్రీస్తు ఏ తేదీన పుట్టాడో బైబిల్‌లో ఎక్కడా లేదు. రోము నగరంలో క్రీ.శ. 336లో డిసెంబరు 25న ఈ పండుగ జరిపినట్లు పాత లెక్కల్లో కనబడుతుంది. పాత పంచాంగం పాటించే రష్యా వంటి దేశాల చర్చిలలో మన లెక్కకు జనవరి 7న చేసుకుంటారు. తేదీ సంగతి ఎలా ఉన్నా కథ మాత్రం అందరికీ తెలిసిందే. జనాభా లెక్కల కోసం సొంత ఊరికి వచ్చిన జంటకు సత్రంలో చోటు దొరకలేదు. బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. ఆ బిడ్డను చూడడానికి మొదట వచ్చింది రాత్రిపూట మందలు కాస్తున్న గొర్రెల కాపరులు. తర్వాత వచ్చింది తూర్పు దేశపు జ్ఞానులు. వారిది వేరే దేశం, వేరే నమ్మకం. చోటు దొరకనివారి దగ్గరకు, తమవారు కానివారు కానుకలు పట్టుకుని రావడం ఈ కథలో ఉంది. అందుకే ఈ పండుగకు బంధువులు కానివారిని పిలవడం కొత్తగా నేర్చుకోవలసిన మర్యాదేమీ కాదు, కథలోనే ఉన్న విషయం.

ఇంటి ముందు కట్టే నక్షత్రం గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఎందుకంటే అది హాస్టల్ పిల్లల సొత్తు. జర్మనీలో నీస్కీ అనే ఊరిలో మొరేవియన్ క్రైస్తవుల బోర్డింగ్ స్కూల్ ఉండేది. 1830ల కాలంలో అక్కడ పిల్లలకు రేఖాగణితం నేర్పడానికి కాగితంతో కోణాలు కోణాలుగా నక్షత్రాలు చేయించారు. దేశాంతరాలలో ఉన్న తల్లిదండ్రులకు దూరంగా ఉంటున్న పిల్లలు వాటిని తమ గదుల్లో వేలాడదీసుకున్నారు. సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు ఆ అలవాటును వెంట తీసుకువెళ్ళారు. ఇప్పుడు మనం బాన్సువాడ బజారులో కొనే రంగు కాగితపు నక్షత్రానికి కూడా ఆ పిల్లల చేతిపనితో చుట్టరికం ఉంది. వెదురు బద్దలు, పతంగి కాగితం, మైదా జిగురు ఉంటే కొనాల్సిన పని కూడా లేదు.

మన ప్రాంతానికి ఈ పండుగ ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే బాన్సువాడ, ఎల్లారెడ్డి మీదుగా మెదక్ దాకా వెళ్ళాలి. అక్కడి పెద్ద చర్చిని కట్టించింది వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్. 1914లో మొదలైన పని పదేళ్ళు సాగింది. కరువు రోజుల్లో ఆ చర్చి పని వేలాదిమంది కూలీల కడుపు నింపిందని మన పెద్దలు చెప్పుకునేవారు. పునాదులు తవ్వినవారిలో, రాళ్ళు మోసినవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, సుమారు 175 అడుగుల గోపురంతో కట్టిన ఆ చర్చిని 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడే ప్రారంభించారు. 2024 క్రిస్మస్‌తో దానికి నూరేళ్ళు నిండాయి. లోపల రంగు అద్దాల కిటికీలలో క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణ దృశ్యాలు ఉంటాయి. ఎండ పడితేనే వాటి అందం తెలుస్తుంది, పొద్దు గూకితే కనబడవు. కాబట్టి చూడడానికి వెళ్ళేవారు పగటిపూటే వెళ్ళండి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ చర్చి అందులో కలిసింది. మనవైపు ఊళ్ళలో సి.ఎస్.ఐ. చర్చి అని పిలిచేది ఆ సంఘాన్నే.

ఇటు నిజామాబాద్ దారిలో డిచ్‌పల్లి ఉంది. కుష్ఠురోగులను ఊరవతలికి వెళ్ళగొట్టే కాలంలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండు వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ కలిసి 1915లో అక్కడ ఆసుపత్రి ప్రారంభించారు. దానికి పెద్ద మొత్తంలో విరాళం ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. ఏ ఇంటి గడపా తొక్కనివ్వని మనుషుల కోసం ఒక హిందూ దాత, ఒక క్రైస్తవ డాక్టరమ్మ కలిసి పనిచేశారన్నమాట. మన జిల్లాలో సర్వమత సామరస్యం గురించి ఉపన్యాసం ఇవ్వాలనుకునేవారు ఈ ఒక్క సంగతి చెప్పి కూర్చున్నా చాలునని నా అభిప్రాయం.

ఇక మన ఊళ్ళలో పండుగ సమయం గురించి. మంజీరా ఒడ్డున, నిజాంసాగర్ కాలువల కింద బతికే ఊళ్ళు మనవి. డిసెంబరు చివరికి వానాకాలం వడ్లు అమ్ముడుపోయి, యాసంగికి నార్లు పోసే పని నడుస్తుంటుంది. చేతిలో కాస్త డబ్బు, రాత్రిపూట గట్టి చలి. అప్పులవాళ్ళు కూడా అప్పుడే వస్తారనుకోండి, అది వేరే సంగతి. మిషన్ స్కూళ్ళకు ఎక్కువ రోజుల సెలవులు ఉంటాయి గానీ మనకు ఉండవు. ఇటీవలి ఏళ్ళలో తెలంగాణలో 25తో పాటు 26 కూడా సెలవు ఇస్తున్నారు. అంటే హాస్టల్ విద్యార్థికి పండుగ రెండు రోజులే. 24 సాయంత్రం బస్సు దిగితే, రాత్రి యూత్ పిల్లలతో కలిసి ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడడం, తెల్లవారుజామున చలినీళ్ళ స్నానం, కొత్త బట్టలు, ఆరాధన. పాస్టరు గారి ప్రసంగం అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. విందు రెండు గంటలకు.

ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, పిలిచిన మిత్రుడు పదకొండు గంటలకే వచ్చి తాళం వేసిన ఇంటి ముందు నిలబడడం చాలాసార్లు జరుగుతుంది. చర్చికి రావాలనుకుంటే తొమ్మిదికి రమ్మనాలి, విందుకే అయితే ఒంటిగంట దాటాక రమ్మనాలి. "చర్చికి రావడం నీ ఇష్టం, రాకపోయినా అన్నానికి మాత్రం తప్పక రావాలి" అని విడదీసి చెప్పడం మంచిది. అన్నం పెడతామని పిలిచి ప్రార్థనలో కూర్చోబెట్టారనే మాట వస్తే మరుసటి ఏడాది ఎవరూ రారు. భోజనానికి ముందు ఇంటి పెద్ద చిన్న ప్రార్థన చేస్తాడు. అది మన పద్ధతి, మానుకోనక్కరలేదు. అయితే అతిథి తల వంచినా వంచకపోయినా ఎవరూ గమనించకూడదు. ఆ కాసేపు కళ్ళు మూసుకునే ఉంటాం కాబట్టి గమనించే వీలు కూడా లేదు!

అసలు విషయం వంట దగ్గర ఉంది. నలుగురూ కలిసే పండుగ చెడినా, నిలిచినా పొయ్యి దగ్గరే.

మనవైపు క్రిస్మస్ అంటే బగార అన్నం, యాట కూర, పచ్చిపులుసు. ముందు రెండు మూడు రోజుల నుంచి గరిజెలు, మురుకులు, అప్పాలు. కేకు ఈమధ్య వచ్చిన అలవాటు. బగార అన్నానికి కొత్త బియ్యం పెడితే ముద్ద అవుతుంది, ఆ పూటకు పాత బియ్యమే వాడాలి. ఇక యాట విషయం. మనవైపు ఊళ్ళలో పెళ్ళయినా, పండుగయినా యాటను కోసేటప్పుడు ముల్లా సాబును పిలిపించి హలాల్ చేయించడం చాలాచోట్ల పాత ఆనవాయితీ. హిందువుల ఇళ్ళలో కూడా ఇలాగే చేసేవారు. కారణం ఒక్కటే. ఊళ్ళో సాయిబుల కుటుంబాలు కూడా విందుకు వస్తాయి, వారు తినాలి కదా. ఎవరి నమ్మకాన్నీ మార్చకుండా, ఎవరికీ వేరే వంట చేయకుండా, ఒక్క కత్తిని ఎవరు పట్టాలన్న విషయంలో సర్దుకుంటే ఊరంతా ఒక గిన్నెలో తినవచ్చునని మన తాతలు కనిపెట్టారు. క్రిస్మస్‌కు కూడా ఇలా చేయిస్తే ముస్లిం మిత్రుడు "ఎక్కడ కోయించారు?" అని అడగవలసిన అవసరం రాదు. బజారులో కోడికూర తెచ్చేటప్పుడు కూడా ఆ దుకాణం చూసుకుని తెస్తే సరిపోతుంది.

పెద్దకూర వండుకునే ఇళ్ళూ మన వాడల్లో ఉన్నాయి. దానిలో దాచుకోవలసిందేమీ లేదు. కానీ అతిథులు వచ్చే పూట దాని గిన్నె వేరు, గంటె వేరు, చోటు కూడా వేరుగా ఉండాలి. ఏ గిన్నెలో ఏముందో అడగకముందే చెప్పాలి. తెలియక తిన్నాక తెలిస్తే కలిగే బాధ చాలా ఏళ్ళు పోదు. నీసు తినని వారికోసం పప్పు, ఒక కూరగాయ కూర, పెరుగు వేరుగా ఉంచాలి. వీటిని ముందు వండి మూతపెట్టి, ఆ తర్వాతే నీసు పొయ్యి మీదికి ఎక్కించాలి. చివరలో వండితే గంటెలు కలిసిపోతాయి. వడ్డించేటప్పుడు "నీసు తిననోళ్ళు ఆ పక్కకు కూర్చోండి" అని అరవకూడదు. అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి, ఆ ఇద్దరు ముగ్గురి ఇస్తరాకుల దగ్గరకు పప్పు గిన్నె పట్టుకుని వెళ్ళాలి.

ఇక్కడ కొంచెం చేదు సంగతి కూడా రాయాలి. మా ఇంటికి పండుగనాడు ఊళ్ళో నుంచి వచ్చే పెద్దమనుషులు కొందరు ఉండేవారు. కుర్చీలో కూర్చునేవారు, నాన్నతో బాగా మాట్లాడేవారు, కేకు ముక్క, అరటిపండు తీసుకునేవారు. అన్నం దగ్గరకు వచ్చేసరికి "ఇప్పుడే తినొచ్చినం" అనేవారు. ప్రతి ఏడాదీ అప్పుడే తిని వచ్చేవారు. పొడి వంట తింటే ఏమీ కాదు, తడి వంట తింటే ఏదో అవుతుందనే పాత లెక్క అది. బేకరీ కేకు బజారుది కాబట్టి దానికి మైల లేదు, మా అమ్మ చేతి అన్నానికి ఉంది. నాన్న ఏనాడూ ఏమీ అనలేదు. మా అమ్మ మాత్రం వాళ్ళకోసం కూడా లెక్కగట్టి బియ్యం పోసేది.

ఆ లెక్కను చెరిపింది పెద్దమనుషులు కాదు, వాళ్ళ పిల్లలు. మా బ్యాచ్‌లోనూ, మా తరగతిలోనూ చదివినవారు మా ఇంట్లో చాప మీద కూర్చుని రెండోసారి కూర అడిగి వేయించుకున్నారు. అందుకే నేను తమ్ముళ్ళకు చెప్పేది ఏమిటంటే, తప్పించుకోకండి, పిలవండి. హాస్టల్‌లో ఏడెనిమిది ఏళ్ళు ఒకే వరుసలో పళ్ళేలు పట్టుకుని నిలబడినవాళ్ళం మనం. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూసుకోవడం మనకు అలవాటే లేదు. ఆ అలవాటు లేకపోవడం ఎంత విలువైనదో ఇంటికి వెళితే గానీ తెలియదు. రానని చెప్పినవాణ్ణి బలవంతం చేయవద్దు. అతనికి ఇంట్లో జవాబు చెప్పుకోవలసినవారు ఉంటారు. ఈ ఏడాది కేకు తిన్నవాడు వచ్చే ఏడాది అన్నం తినవచ్చు.

మన ఇళ్ళలోనే రెండు పద్ధతులు ఉండడం మరో విషయం. అన్న చర్చికి వెళతాడు, తమ్ముడు వెళ్ళడు. నాయనమ్మ పోచమ్మకు బోనం చేస్తుంది, అమ్మ ఆదివారం ఆరాధనకు వెళుతుంది. ఒకరి మొక్కుబడి కూర మరొకరు తినవచ్చా అనే తగువు చాలా పాతది. మొదటి శతాబ్దంలోనే కొరింథు పట్టణంలో ఇదే తగువు వస్తే, దాని గురించి పౌలు తన లేఖలో విడిగా వివరించవలసి వచ్చింది. కాబట్టి మీ ఇంట్లో వస్తే కంగారు పడకండి. క్రిస్మస్ పూట వంటకు వచ్చేసరికి ఈ రెండు పద్ధతులూ ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి. చర్చికి వెళ్ళేవారంతా వెళ్ళిపోతే పొయ్యి దగ్గర ఎవరుండాలి? మా ఇంట్లో చర్చికి రాని మేనత్తే ప్రతి ఏడాదీ కూర చూసుకునేది. మేము పాటలు పాడి వచ్చేసరికి ఉప్పు కారం సరిచేసి ఉంచేది. ఆమె లేని క్రిస్మస్ మాకు లేదు.

విందులో కొందరు "మీరు కలిసిపోయారా? సర్టిఫికెట్‌లో ఏముంది?" అని అడుగుతుంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులైన దళితులకు లేదు, మన దగ్గర వారిని బీసీ–సి గా లెక్కిస్తారు. ఇది చదువుకు, ఉద్యోగానికి సంబంధించిన పెద్ద చర్చ. చట్టం తెలుసుకోవాలనుకునేవారు తప్పక తెలుసుకోవాలి. కానీ ఇస్తరాకు ముందు కూర్చున్న మనిషిని ఆ ప్రశ్న అడగడం మర్యాద కాదు. అడిగినవాడు మనవాడైతే మాట మార్చి కూర వడ్డించండి.

డిసెంబరులో అయ్యప్ప మాల వేసుకున్న మిత్రులు చాలామంది ఉంటారు. 41 రోజుల మండల దీక్ష నవంబరు మధ్యలో మొదలై డిసెంబరు 26, 27 తేదీలకు పూర్తవుతుంది. అంటే క్రిస్మస్ సరిగ్గా దీక్ష చివరి రోజుల్లో వస్తుంది. స్వాములు నీసు ముట్టరు, బయటి వంట తినరు. ఆ మిత్రుణ్ణి పిలవకుండా ఉండనక్కరలేదు. ఉదయం పూట, మన ఇంట్లో నీసు పొయ్యి ఎక్కకముందే రమ్మనాలి. "స్వామీ" అనే పిలవాలి, మాల వేసుకుంటే కన్నతండ్రి కూడా కొడుకును అలాగే పిలుస్తాడు. కొబ్బరిబోండాం, అరటిపండ్లు, జామకాయలు చాలు. మాల తీసిన తర్వాత వచ్చే ఆదివారం అతని కోసం మళ్ళీ కూర వండితే అది రెండో క్రిస్మస్!

రంజాన్ నెల ప్రతి ఏడాదీ పదిపదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 1998, 1999, 2000 సంవత్సరాలలో క్రిస్మస్ వరుసగా ఉపవాసాల నెలలోనే వచ్చింది. మేము చదువుకున్నది ఆ రోజుల్లోనే. మా తరగతి మిత్రుడొకడు 1999లో రోజా ఉన్నాడు. మధ్యాహ్నం విందుకు రాలేనన్నాడు. అతని వాటా మా అమ్మ గిన్నెలో తీసి ఉట్టి మీద పెట్టింది. ఆరు గంటలకు కాస్త ముందు అతను వచ్చి, మా వాకిట్లోనే ఖర్జూరంతో ఉపవాసం విడిచి, ఆ చలిలో పొయ్యి పక్కన కూర్చుని తిన్నాడు. మేము కూడా అతనితో రెండోసారి తిన్నాం. 2031లో మళ్ళీ క్రిస్మస్ రంజాన్ నెలలో వస్తుంది. ఇప్పుడు హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్ళు అప్పటికి ఉద్యోగాలలో ఉంటారు, గుర్తుంచుకోండి.

మైకు గురించి రెండు మాటలు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పండుగలకు ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించినా రాత్రి పన్నెండు వరకే. డోలకు, కంజీరతో పాడే పాటకు మైకు అక్కరలేదు. పక్కింట్లో ముసలివారు, బాలింతలు ఉంటే ఆ గుమ్మం ముందు పాట నెమ్మదిగా పాడి ముందుకు వెళ్ళాలి. తాగి వచ్చేవారి సంగతి మాత్రం ఇంటి పెద్దే చూసుకోవాలి. పండుగ పూట కదా అని ఊరుకుంటే పిల్లలు పిలుచుకున్న మిత్రుల ముందు తలదించుకోవలసి వస్తుంది.

ఇంకొక విషయం మన చేతుల్లో ఉంది. ఎంతమంది వచ్చినా, ఎంత బాగా జరిగినా, అమ్మ చివరలో అడుగంటిన అన్నం తింటే అది పండుగ కాదు. హాస్టల్ విద్యార్థికి వంద మందికి వడ్డించడం వచ్చు. ముందు ఉప్పు, పచ్చడి, తర్వాత అన్నం, కూర అన్న వరుస వచ్చు. బంతి లేచాక ఇస్తరాకులు ఎత్తి చోటు ఊడ్చడం వచ్చు. నీళ్ళ బిందె ఎప్పుడు ఖాళీ అవుతుందో కూడా తెలుసు. ఈ విద్య ఇంట్లో చూపించండి. రెండో బంతిలో అమ్మను, మేనత్తను, పొయ్యి దగ్గర సాయం చేసిన పక్కింటి పెద్దమ్మను కూర్చోబెట్టి మనమే వడ్డించాలి. మొదటిసారి చేసినప్పుడు మా అమ్మ "వద్దు బిడ్డా, మీరు తినుండ్రి" అని సిగ్గుపడింది. రెండో ఏడు తానే వచ్చి కూర్చుంది.

26 సాయంత్రం బస్సుకు తిరుగు ప్రయాణం. హాస్టల్‌కు తెచ్చే డబ్బాలో కూర పెట్టవద్దు. చలికాలమే అయినా మరునాటికి పాడవుతుంది, దాని వాసన మాల వేసుకున్న స్వాములు ఉండే గదిలో ఇబ్బంది. మురుకులు, గరిజెలు, అప్పాలు అయితే వారం పది రోజులు నిలుస్తాయి. బాగా ఆరిన తర్వాతే మూత పెట్టాలి, లేకపోతే మెత్తబడతాయి. అడుగున పాత పేపరు పరచండి. ఒక్క డబ్బా కాకుండా రెండు తెస్తే మంచిది, మొదటిది గది తలుపు దగ్గరే అయిపోతుంది.